వెనక సీటు

"ఎక్కడ తెచ్చావో అక్కడే పడేసి రా. ఆ బండి ఈ గుమ్మం ముందున్నంతసేపూ నేను లోపలికి రాను."

వీధి మధ్యలో నిలబడి అంది ఆమె. భుజాన గుడ్డసంచి, చేతిలో ఖాళీ అన్నం డబ్బా. పన్నెండు రోజులుగా ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుని నినాదాలిచ్చీ ఇచ్చీ గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతే ఇప్పుడు వీధి చివరిదాకా వినపడుతోంది.

నల్లటి పొడవాటి కారు. ముందు చక్రాలు వీళ్ల గుమ్మం దగ్గరుంటే, వెనక భాగం పక్కింటివాళ్ల గుమ్మం కూడా దాటిపోయింది. ఆ వీధి వేసినవాడు ఇలాంటి బండి ఇందులోకి వస్తుందని కలలో కూడా అనుకుని ఉండడు. వచ్చేది ఉంటే ఇంకో నాలుగడుగులు వెడల్పు వేసేవాడు. మనుషుల కోసం ఎవడు వేస్తాడు?

ఆమె మొగుడు తల ఎత్తలేదు. పదకొండేళ్లుగా ఫ్యాక్టరీ యజమానికి, అందరూ పెద్దసారు అని పిలిచే ఆయనకు, డ్రైవరు. నడిపింది ఈ కారే. మధ్యాహ్నం నుంచి మూడోసారి తడిగుడ్డతో ముందు అద్దం తుడుస్తున్నాడు.

"నీతోనే మాట్లాడేది."

"వినపడుతోంది. వీధంతా వినపడుతోంది."

"వినపడనీ. నా మొగుడు ఎంతకి అమ్ముడుపోయాడో వీధికి కూడా తెలియాలి."

"నోరు అదుపులో పెట్టుకో." గుడ్డ బకెట్లో పడేశాడు. "అమ్ముడుపోలేదు. కొనుక్కున్నా. నా డబ్బు పెట్టి కొనుక్కున్నా. ఎవడూ ఊరికే ఇవ్వలేదు."

"ఎప్పుడు కొన్నావు? రేపు పదింటికి బాయిలరు ప్రమాదం మీద ఆఫీసరు విచారణ పెట్టుకుని, ఇవాళ కొన్నావు."

"బేరం ఇవాళ కుదిరింది."

"అవును. బేరం ఇవాళే కుదిరింది."

ఆ మాట అతనికి తగలాల్సినచోటే తగిలింది.

వెనక సీట్లోంచి అత్తగారు తల బయటపెట్టింది. ఆవిడ మధ్యాహ్నం ఎక్కింది, ఇంకా దిగలేదు.

"అరవకే అమ్మాయ్. లోపలికొచ్చి తలుపేసుకో, ఒక్క ముక్క వినపడదు. ఏం తలుపులే తల్లీ! ఇనప్పెట్టెలో పెట్టినట్టుంది ప్రాణం."

"నువ్వు ముందు దిగు అత్తా."

"నా మోకాళ్లు ఎక్కడానికే ఒప్పుకున్నాయి. దిగడానికి ఇంకా ఒప్పుకోలేదు."

పక్కింటి లెక్కల మాస్టారు స్కూటరు నెట్టుకుంటూ వచ్చి ఆగాడు. కారుకీ గోడకీ మధ్య సందు చూశాడు, స్కూటరు హ్యాండిలు చూసుకున్నాడు. "రైలుపెట్టె తెచ్చి వీధిలో పెట్టావేమయ్యా? ఇంకా ఎన్ని పెట్టెలున్నాయి వెనకాల?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె మొహం చూసి, ఆయన స్కూటరు వెనక్కి తిప్పుకుని పోయాడు.

డ్రైవరు గొంతు తగ్గించాడు. "చూడు. ఈ బండి గురించి నాకు తెలిసినంత దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలీదు. పాత బండి కొనే ప్రతివాడూ మీటరు వెనక్కి తిప్పేశారేమోనని చస్తాడు. నాకా భయం లేదు. మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లలో ఒక్కటి కూడా ఇంకొకడు తోలింది లేదు. అద్దెకి తిప్పుకుంటా. ఇకమీదట ఎవడికీ తలుపు తీసి పట్టుకోనక్కర్లేదు."

"మూడు లక్షలు తిరిగిన బండిని బజారులో ఎవడైనా ముట్టుకుంటాడా? ఒక్క సామాను పోతే నీ ఏడాది కష్టం దాని నోట్లో పొయ్యాలి. ఆయనకి అక్కర్లేని ఇనుము నీకు అంటగట్టాడు. నువ్వు దానికి అద్దాలు తుడుస్తున్నావు."

"నా ఒళ్లరిగింది దీనిలో!"

అది నిజం. ఒళ్లరిగింది. మీటరు కిలోమీటర్లు లెక్కపెడుతుంది. విమానాశ్రయాల దగ్గర, హోటళ్ల దగ్గర, ఎవరెవరి గేట్ల దగ్గరో స్టీరింగు మీద తలపెట్టి కాసుకున్న గంటల్ని ఏ మీటరూ లెక్కపెట్టదు. ఆ మూడు లక్షలూ తోలినవాడు ముందు సీటు వాడు. బండి ఎవరిదంటే మాత్రం వెనక సీటు వాడి పేరు చెప్తారు. ఇదీ మన లోకం, దీనికి చట్టం అని పేరు.

పదకొండేళ్లలో డ్రైవరు ఆ వెనక సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇవాళ కొన్నాక కూడా కూర్చోలేదు. తల్లిని కూర్చోబెట్టాడు, తను గుడ్డ పట్టుకున్నాడు.

"ఒళ్లరిగితే?" ఆమె దగ్గరికొచ్చింది. "బాయిలరు పేలి నా తమ్ముడి చెయ్యి కాలిపోయింది. ఆ గురువారం బాయిలరు వాల్వు కారుతోందని వాడు చెప్తూనే ఉన్నాడు. 'నడపరా, రేపు సరుకు వెళ్లాలి' అన్నది పెద్దసారు. ఇప్పుడేమో ఆయన ఆ రోజు ఫ్యాక్టరీకి రానేలేదట. వాడే సొంత తెలివితో నడిపాడట. రేపు అదే తేలితే వాడు జైలుకి పోతాడు. కాలిన చెయ్యేసుకుని పోతాడు."

"నాకు తెలీదా ఇదంతా?"

"తెలిస్తే చెప్పవేం? ఆ మాట విన్నవాళ్లు ఇద్దరు. ఒకడు వాడే, వాడి మాట నమ్మరు. ఇంకొకాయన రంగుల సెక్షను తాత, ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. పెద్దసారుని ఆ రోజు అక్కడికి తీసుకొచ్చింది నువ్వు. 'తీసుకొచ్చా' అను చాలు. ఒక్క మాట. పన్నెండు రోజులుగా అడుగుతున్నా."

అతను గుడ్డ పిండాడు. "నేను గేటు దగ్గరే ఉన్నా. లోపల ఏం జరిగిందో నేను చూళ్లేదు."

"బాయిలరు గది షట్టరు బయటినుంచి దించి గడి పెట్టారు! పనివాళ్లు మాటిమాటికీ బయటికి పోతున్నారని. ఆ గడి లేకపోతే రంగుల తాత పరిగెత్తి బయటపడేవాడు. గడి పెట్టిన చెయ్యి ఎవరిదో తేలేదాకా మేం గేటు దగ్గర్నుంచి లేవం."

అద్దం మీద గుడ్డ ఆగిపోయింది.

ఆమె అది చూసింది. కోపంలో ఉంది కాబట్టి పట్టించుకోలేదు.

"రేపు నేను పోయి సంఘంలో ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? 'మీ ఇంటి ముందున్న కారు ఎవరిదమ్మా' అంటే ఏం చెప్పను? ప్యాకింగు సెక్షనులో డెబ్బై మంది ఆడవాళ్లు నా మాట విని పని ఆపి కూర్చున్నారు. వాళ్ల పొయ్యిలో పిల్లి పడుకుని ఉంటే, నేను మెత్తని సీట్లో ఊరేగుతున్నానని అనుకోరా?"

"అనుకుంటే అనుకోనీ. నేను దొంగతనం చెయ్యలేదు."

"దొంగతనం చేసినా బాగుండేది."

ఇంట్లోంచి ఆమె తమ్ముడు వచ్చాడు. బాయిలరు దగ్గర పని. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. పన్నెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు. గుమ్మంలో నిలబడి కారును చూశాడు, చుట్టూ తిరిగి చూశాడు, బావ మొహం చూడలేదు.

"బావా. కాగితాలున్నాయా?"

"ఎందుకు లేవు?" డ్రైవరుకు ప్రాణం లేచివచ్చినట్టయింది. కనీసం ఒకడు మర్యాదగా అడిగాడు. జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. "అమ్మకం కాగితం. సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక నకలు వాళ్ల దగ్గర, ఒకటి నా దగ్గర."

తమ్ముడు ఎడమచేత్తో మడత విప్పలేక పళ్లతో విప్పాడు. అది చూడలేక అక్క మొహం తిప్పుకుంది.

బాయిలరు నడిపేవాడికి చదవడం అంటే కథలు చదవడం కాదు. ముల్లు ఎక్కడుంది, అంకె ఎంత, గంట ఎంత. వాడు కాగితాన్ని అలాగే చదివాడు.

"మూడో తేదీ అని ఉందేంటి?"

"ఏది?"

"తేదీ. 'ఈ నెల మూడో తేదీన బండి అప్పగించడమైనది'. ఇవాళ ఇరవై రెండు కదా?"

డ్రైవరు కాగితం లాక్కున్నాడు. పెదవులు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు.

"నేను సంతకం పెట్టినప్పుడు తేదీ లేదు. ఖాళీగా ఉంది. మేనేజరు తర్వాత వేసుకుంటానన్నాడు."

"నకలు ఇచ్చినప్పుడు చూసుకోలేదా?"

"తాళాలు చూసుకున్నా."

కారు లోపల అత్తగారు ఏదో మీట నొక్కింది కాబోలు, కిటికీ అద్దం సన్నగా మూలుగుతూ పైకి పోయి, కిందికి వచ్చి, మళ్లీ పైకి పోయింది.

"గురువారం ఎన్నో తేదీ?" అంది ఆమె. తెలిసే అడిగింది.

"పది," అన్నాడు తమ్ముడు.

"మీసాలాయన ఏమని చెప్తున్నాడు?" మీసాలాయన గేటు కాపలాదారు.

"నల్లకారు వచ్చింది, పావుగంట ఉంది, పోయింది అని. లోపల ఎవరున్నారో అద్దాల్లోంచి కనపడలేదు అని."

ఆమె మొగుడి వైపు తిరిగింది. ఈసారి అరవలేదు. అరవకపోవడమే భయంకరంగా ఉంది.

"విను. పదో తేదీన కారు వచ్చింది. కారు ఎవరిది? మూడో తేదీ నుంచి నీది. అంటే ఎవరొచ్చినట్టు? నువ్వొచ్చినట్టు. ఎందుకొచ్చావు? బాయిలరు దగ్గర నీ బామ్మర్ది ఉన్నాడు, వాడితో కబుర్లకి వచ్చావు. వాడు నీతో మాటల్లో పడి వాల్వు వదిలేశాడు. అయిపోయింది. పెద్దసారు చేతులు కడిగేసుకున్నాడు. రేపు ఆఫీసరు ముందు ఇద్దరూ నిలబడండి, బావా బామ్మర్దీ."

"అట్లా... అట్లా ఎందుకు చేస్తారు? పదకొండేళ్లు..."

"పదకొండేళ్లు! ఆ పదకొండేళ్లూ చూశాకే నిన్ను ఎంచుకున్నారయ్యా. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టేవాడు ఇంకెవడు దొరుకుతాడు వాళ్లకి?"

డ్రైవరు బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మధ్యాహ్నం నుంచి తుడిచి తుడిచి అద్దంలా చేసిన నలుపులో అతని మొహమే అతనికి కనపడుతోంది.

తమ్ముడు మాత్రం ఇంకా కాగితం వదల్లేదు.

"బావా, ఈ మీటరు రాసింది ఎవరు?"

"ఆ?"

"ఇక్కడ. మూడు లక్షల పన్నెండు వేల ఎనిమిది వందల డెబ్బై ఒకటి. ఇది నీ రాతలా ఉంది."

"నా రాతే. ఆ గడి ఖాళీగా ఉంది. మీటరు అని రాసి ఉన్న గడి ఖాళీగా కనపడితే నా చెయ్యి ఊరుకోదు. తలుపు తీసినా రాస్తా, వేసినా రాస్తా. పదకొండేళ్ల అలవాటు. మేనేజరు సంతకం ఎక్కడో చూపించేలోపలే కిందికి పోయి చూసొచ్చి రాసేశా."

"ఇవాళ చూసి రాశావు."

"ఇవాళే మరి."

తమ్ముడు కళ్లు చిట్లించాడు. ముల్లు కదిలినప్పుడు బాయిలరు వాడు పెట్టే మొహం అది.

"ఆయిలు ఎప్పుడు మార్పించావు?"

"ఎనిమిదో తేదీన. అదెందుకిప్పుడు?"

"చీటీ ఎక్కడ అంటించారు?"

"ఎక్కడంటిస్తారు? తలుపు లోపల, కమ్మీ మీద."

తమ్ముడు డ్రైవరు తలుపు తెరిచి, సీటు మీద పక్కకి కూలబడి, ఒక కాలు బయటే ఉంచి చూశాడు. వేలెడంత తెల్లచీటీ. బాల్‌పెన్నుతో మెకానిక్కు వంకరరాత. ఎనిమిదో తేదీ. మూడు లక్షల పన్నెండు వేల రెండు వందల నలభై.

"అక్కా."

"చెప్పు."

"మూడో తేదీన అమ్మేసిన బండి మీటరు, ఎనిమిదో తేదీ మీటరు కంటే ఆరొందల కిలోమీటర్లు ముందుకి ఎలా పోయింది?"

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. పన్నెండు రోజుల్లో మొదటిసారి. ఆ నవ్వులో సంతోషం లేదు, పళ్లున్నాయి.

"ఆయిలు బిల్లు ఎవరి పేరున ఉంది?" అంది.

"పెద్దసారు పేరునే," అన్నాడు డ్రైవరు మెల్లగా. "మెకానిక్కు పుస్తకంలో ఉంటుంది. ఎప్పుడూ అంతే."

"ఎనిమిదో తేదీన తన పేరుతో ఆయిలు మార్పించుకున్నాడు, మూడో తేదీన అమ్మేశాడు. వాళ్ల అబద్ధానికి వాళ్ల కాగితంలోనే నువ్వు మేకు కొట్టావయ్యా. తెలిసి కొట్టావా అంటే అదీ లేదు." మొగుణ్ని ఎగాదిగా చూసింది. "అలవాటు! ఇన్నాళ్లకి నీ అలవాటు ఒకటి ఇంటికి పనికొచ్చింది."

కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది.

వీధి మొదట్లో రెండు మోటారుసైకిళ్లు ఆగాయి. ఒకదాని మీద మేనేజరు, ఇంకోదాని మీద ఫ్యాక్టరీ భద్రతవాళ్లు ఇద్దరు. మేనేజరు దూరం నుంచే నవ్వుతూ వచ్చాడు. నెలజీతం ఆపే రోజున కూడా ఆయన ఇలాగే నవ్వుతాడు.

"ఏం డ్రైవరూ, కొత్త ఓనరుగారూ! బాగా మెరిపించావే. ఏం లేదు, కాగితంలో చిన్న పొరపాటు పడింది. మీటరు అంకె తప్పు. కొత్తది రాసుకుందాం. నీ దగ్గరున్న నకలు ఇటివ్వు. బండి కూడా ఒక్క రోజు ఇవ్వు, ఆయిలు మార్చి, కడిగించి, రేపు సాయంత్రానికి పంపిస్తా. పెద్దసారు మాట."

"మొన్ననే మార్పించాం కదా సార్ ఆయిలు."

"అందుకే. మళ్లీ మారుద్దాం."

ఆమె అడ్డం వచ్చింది. "బండి మూడో తేదీ నుంచి మాదే అని మీరే రాశారు. మా బండికి మీరు ఆయిలు మార్చడమేంటి మేనేజరుగారూ? మా అత్తగారి మోకాళ్లకి కూడా రాస్తారా?"

"రాయించుకుంటా, పోనీ," అంది అత్తగారు లోపల్నుంచి.

మేనేజరు నవ్వు ఆగింది. "అమ్మా, మగవాళ్ల పని మగవాళ్లు చూసుకుంటారు. నువ్వు పక్కకి జరుగు."

భద్రతవాళ్లలో ఒకడు డ్రైవరు తలుపు వైపు నడిచాడు. తలుపు తెరిచే ఉంది. తమ్ముడు సగం లోపల, సగం బయట. వాడి మోకాలి పక్కనే తెల్లచీటీ. గోరుతో గీకితే ఊడిపోయే చీటీ.

డ్రైవరు దాన్ని చూశాడు. ఆ మనిషి చెయ్యి చూశాడు.

"తలుపేసుకో!" అని అరిచాడు.

తమ్ముడు కాలు లాక్కుని ఎడమచేత్తో తలుపు గుంజాడు. డ్రైవరు వెనక తలుపు తీసి, పెళ్లాన్ని భుజం పట్టి లోపలికి నెట్టి, తనూ దూరాడు. జేబులో తాళం నొక్కాడు. నాలుగు తలుపులూ ఒక్కసారిగా టక్కుమన్నాయి.

వీధి చప్పుడు మొత్తం ఆగిపోయింది. అత్తగారు చెప్పింది నిజమే, ఒక్క ముక్క వినపడదు. బయట మేనేజరు నోరు మాత్రం కదులుతోంది.

పదకొండేళ్లలో మొదటిసారి డ్రైవరు వెనక సీట్లో ఉన్నాడు. సీటులో ఒకచోట గుంట పడి ఉంది. పెద్దసారు కూర్చునే చోటు. ఆ గుంట అతని కొలతకి సరిపోలేదు.

"ఇక్కడే ఉందాం," అంది ఆమె. రొప్పుతోంది. "తెల్లారి ఇట్నుంచి ఇటే ఆఫీసరు దగ్గరికి పోదాం. నువ్వే తోలు. తోలి, దిగి, చెప్పు." మొగుడి చెయ్యి పట్టుకుంది. పన్నెండు రోజుల తర్వాత పట్టుకుంది. "చెప్తావు కదా?"

అతను తలూపాడు. అతని చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

అత్తగారు మళ్లీ మీట నొక్కింది, కిటికీ రెండు వేళ్ల మేర దిగింది. ఇందాక ఆవిడ ఆడుకున్న కిటికీయే. మేనేజరు ఆ సందు దగ్గర ఫోను పెట్టాడు. స్పీకరు పెట్టాడు.

"మాట్లాడు. పెద్దసారు లైన్లో ఉన్నారు."

ఆ గొంతు కారులోకి వచ్చింది. ఎప్పుడూ వచ్చే గొంతే. ఎప్పుడూ అడిగే మాటే.

"ఎక్కడున్నావ్?"

పదకొండేళ్లుగా ఆ మాటకి ఒకటే జవాబు. వచ్చేస్తున్నా సార్. అతని పెదవులు వాటంతటవే కదిలాయి. పెళ్లాం గోళ్లు అరచేతిలో దిగాయి.

"వెనక సీట్లో ఉన్నా సార్," అన్నాడు డ్రైవరు.

అవతల చిన్న నవ్వు.

"కూర్చో, కూర్చో. మెత్తగానే ఉంటుంది. ఆ గురువారం షట్టరు దించి గడి పెట్టింది ఎవరో మీ ఆవిడకి చెప్పే కూర్చున్నావా? చెప్పకుండానే కూర్చున్నావా?"

మేనేజరు ఉలిక్కిపడి ఫోను లాగేసుకున్నాడు. ఆ రోజు రాని మనిషికి గడి పెట్టింది ఎవరో ఎలా తెలుసు? ఆ సంగతి మేనేజరుకి తట్టింది. లోపలున్న నలుగురిలో ఒక్కరికీ అప్పుడు అది తట్టలేదు.

ఆమె తన చేతిలో ఉన్న చేతిని మెల్లగా వదిలింది.

"అబద్ధం అను," అంది.

అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"అబద్ధం అని ఒక్కసారి అనవయ్యా. నేను నమ్ముతా."

ముందు సీట్లో, స్టీరింగు వెనక, తమ్ముడు వెనక్కి తిరగలేదు. పైన అద్దంలోంచి చూస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆ అద్దంలోంచి వెనక సీటు వాణ్ని చూసింది డ్రైవరు. ఇవాళ చూస్తున్నది ఇంకొకడు. ఆ కళ్లు బావ మొహం మీద లేవు. చేతుల మీదున్నాయి.

"లోపల్నుంచి కొట్టాను బావా," అన్నాడు తమ్ముడు. "ఈ చేత్తోనే కొట్టాను. నీకు వినపడిందా?"